జోల్వాలో నేను కనిపెట్టిన జమ్మిచెట్టు

నా వల్ల ఒక్క పూటలోనే మా పంతులు గారి పట్టుపంచె రెండు పేలికలైంది, సమాజ్ పెద్ద గంగారాం పరువు మనిషితో సహా మురికికాలవలో పడింది, మాటల్లేని బావాబామ్మర్దులు కౌగిలించుకుని, ఆ కౌగిలింత వేడి చల్లారకముందే మళ్లీ విడిపోయారు. ఇంతకీ నేనేం చేశాననుకుంటున్నారు? ఎవరింటికీ నిప్పు పెట్టలేదు, ఎవరి జుట్టూ పట్టుకోలేదు. ఒక చెట్టుకు పేరు చెప్పాను. అంతే.

నాకు చదువు రాదు. నేను సంతకం పెడితే అది నర్సవ్వ అన్న పేరో, సాలెపురుగు సిరాలో పడి లేచిన జాడో బ్యాంకు వాళ్లు తేల్చుకోవాలి. ఇప్పుడు కూడా నేను చెబుతుంటే మా కోడలు సుజాత రాస్తోంది. రాస్తూ కిసకిస నవ్వుతోంది. నవ్వనివ్వండి, ఆ రోజూ నవ్వింది.

మాది కరీంనగర్ దిక్కు. మా ఆయన మగ్గం పనికని సూరత్ వచ్చి, మగ్గం దగ్గరే ముసలివాడై, మగ్గం చప్పుడుకు చెవుడు తెచ్చుకుని పోయాడు. నా తిట్లు వినపడకుండా పోయాడు కాబట్టి సుఖంగానే పోయాడనుకోవాలి. ఆయన పోయాక నేను సూరత్‌లోనే, అడాజన్‌లో మీనాబెన్ అనే రిటైరైన టీచరమ్మ ఇంట్లో వంటకు కుదిరాను. బంగారం లాంటి మనిషి. ఒక్కటే జబ్బు. చెట్లు.

ఆదివారం పొద్దున్నే ఆమె, ఆమె లాంటి మరికొందరు టోపీలు పెట్టుకుని తోటల్లోకి బయల్దేరతారు. చెట్టు మొదలు నిమురుతారు, ఆకు నలిపి వాసన చూస్తారు, నోళ్లు తెరుచుకుని కొమ్మల్లోకి చూస్తూ నిలబడతారు. మొదటిసారి చూసినప్పుడు వీళ్లందరికీ ఒకే డాక్టరు మందు రాసిచ్చాడేమో అనుకున్నాను. చాయ్ ఫ్లాస్కు, థేప్లాలు అనే మెంతిరొట్టెల డబ్బా మోయడానికి నన్నూ వెంట తీసుకెళ్లేది. మోస్తూ మోస్తూ నాకూ అంటుకుంది.

వాళ్లు పుస్తకం చూసి చెట్లను పోల్చుకునేవారు. నాకు పుస్తకం ఎందుకు? ఇంట్లో కూర్చుని చీరలకు దారాలు కత్తిరించి బతికిన చేతులివి. కళ్లు మూసుకుని గుడ్డ తాకితే ఏ మిల్లుదో చెప్పేవి. ఆకుల్నీ అలాగే తాకాను. టేకాకు మగ్గం మీద నుంచి అప్పుడే దిగిన, రంగు పడని ముతక గుడ్డ. బాదమాకు సాటిన్. గుల్‌మొహర్ ఆకు పెళ్లికూతురి మీద కప్పే నెట్టు. రావి ఆకు అయితే పల్లూయే, చివర కుచ్చుతో సహా. ఇలా నేను తడిమి తడిమి పేర్లు చెబుతుంటే ఒకరోజు మీనాబెన్ చప్పట్లు కొట్టింది.

"నర్సాబెన్, తుమ్ తో ఎక్స్‌పర్ట్ హో గయీ!"

అయ్యా, మనిషి కొంప ముంచడానికి తిట్టక్కర్లేదు. ఇలా ఒక్కసారి పొగిడితే చాలు.

ఆ రోజు నుంచి నన్ను పట్టలేకపోయారు. బస్సులో మైకు స్టాపు పేరు చెబితే, కిటికీలో కనిపించే చెట్టు పేరు నేను చెప్పేదాన్ని. ఇవన్నీ తనకెందుకు చెబుతున్నానని పక్క సీటు కుర్రాడు ఒకసారి చెవిలో తీగలు పీకి అడిగాడు, "మాసీ, యే సబ్ ముఝే క్యూఁ బతా రహీ హో?"

"ముఫ్త్ మే బతా రహీ హూఁ. సున్ లే." పైసా తీసుకోకుండా చెబుతున్నాను, విను అన్నాను.

ఇంట్లో సుజాత మొత్తుకునేది. "అత్తమ్మా, పొయ్యి మీద పోపు మాడుతున్నది, జర కరివేపాకు అందియ్యుమంటే దాని ఖాందాన్ అంతా చెప్తున్నవ్!"

"తెలుసుకుంటె నీకే మంచిది."

"మాడిన పప్పు తిన్నంక నీకూ తెలుస్తది."

ఇలా నా విద్య నడినెత్తికెక్కి ఉన్న రోజుల్లో దసరా దగ్గరపడింది. మా వాళ్లకు దసరా అంటే జమ్మి. చెట్టుకు పూజ చేసి, ఆకు తెంపి, "బంగారం" అంటూ ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటాం. చిన్నవాళ్లు పెద్దవాళ్ల కాళ్లు మొక్కుతారు. సమానం వాళ్లు అలాయ్ బలాయ్ అని కౌగిలించుకుంటారు. ఏడాది పొడుగునా కొట్టుకున్నవాళ్లు కూడా ఆ ఒక్క ఆకు కోసం కలుస్తారు. సూరత్‌లో జమ్మి ఎక్కడుందో మా వాళ్లకు తెలియదు కాబట్టి ఊరి నుంచి బస్సులో కొమ్మ తెప్పించుకునేవాళ్లం.

అందరికీ అది పండగ. నాకు మాత్రం ఆ రోజు ఒళ్లు మండేది. మా ఆయన ఉన్నన్నాళ్లూ నా చేతి ఆకు కోసం గల్లీ పిల్లలంతా ఎగబడేవారు. ఆయన పోయాక నా చేతిలో ఆకు పెట్టేవాళ్లున్నారు గానీ, నా చేతి నుంచి తీసుకునేవాళ్లు లేరు. ఎవరూ ఒక్క మాట అనరు. అప్పుడే ఫోన్ వస్తుంది, అప్పుడే చెప్పు తెగుతుంది, అప్పుడే పిల్లవాడు ఏడుస్తాడు. సాయంత్రానికి ఆకు నా గుప్పెట్లోనే ఎండేది. ఈ గల్లీ మొత్తం వరసకట్టి నా చేతి నుంచి ఆకు తీసుకునే రోజు ఒకటి రావాలి, అందులో గంగారాం ముందుండాలి. ఇదీ నా కోరిక. బంగళా అడిగానా, బండి అడిగానా?

సరిగ్గా ఆ రోజుల్లోనే చెట్టు దొరికింది.

మా అబ్బాయి సూరత్ బయట జోల్వాలో మగ్గాల కార్ఖానాలో పనిచేస్తాడు. వాడికి డబ్బా ఇవ్వడానికి సుజాత, నేను వెళ్లాం. కార్ఖానా వెనక ఖాళీ జాగా, దాని పక్కన మురికికాలవ, కాలవ గట్టున మాంచి చెట్టు. నేను ఆగిపోయాను. మీనాబెన్ ఒకసారి, కొమ్మ తెంపనివ్వని తోటలో జమ్మిని చూపించి గుర్తులు చెప్పింది. దాన్ని వాళ్లు ఖీజడో అంటారు. దువ్వెన పళ్లలాంటి సన్నాకు. ఉంది! పిల్లితోకలాంటి పసుపు పువ్వు. ఉంది! ముల్లు. ఉంది, వేలికి గుచ్చుకుని మరీ ఉన్నానని చెప్పింది!

"సుజాతా! జమ్మి!"

సుజాత చూసింది. "అత్తమ్మా, గిది సర్కార్ తుమ్మ కాదా? మా ఊర్లె చెరువు కట్ట నిండ ఉంటది."

"సర్కార్ తుమ్మ పొద లెక్క ఉంటది. గిది సూడు, ఎంత లావు మొదలున్నదో! ఆకు పట్టి సూసినవా? షిఫాన్ లెక్క ఉన్నది."

"షిఫాన్ నాకెర్కలేదు గని, మేకలు గాడ కాయలు తింటున్నయ్. సర్కార్ తుమ్మ కాయలు గూడ గట్లనే తింటయ్."

"మేకలేమన్న చదువుకున్నయానే?"

ఈ మాట అన్నది సంతకం కూడా సరిగ్గా రాని నేను. బాగా గుర్తుపెట్టుకోండి.

మీనాబెన్‌ను ఒక్క మాట అడిగితే పోయేది. అడగలేదు. గురువును ఆశ్చర్యపరచాలని ఉబలాటం. దసరా పొద్దున జోల్వా రమ్మనీ, ఒక వింత చూపిస్తాననీ ఫోన్ చేశాను గానీ, ఆ వింత ఏమిటో చెప్పలేదు.

ఇక దసరా ముందురోజు. మా తెలుగువాళ్ల సంఘం, అదే సమాజ్, గదిలో అందరూ తలలు పట్టుకుని కూర్చున్నారు. బస్సు డిక్కీలో జమ్మికొమ్మ మీద ఎవడో మగ్గం మోటారు పెట్టాడట. విప్పి చూస్తే కొమ్మ పిప్పి, ఆకు పొడి.

"గిదేంది, చాయ్‌పత్తి లెక్క అయింది! ఇప్పుడు కొమ్మ ఏడికెల్లి తేవాలె?" అన్నాడు గంగారాం. గంగారాం మాకు సమాజ్ పెద్ద. చీరల మార్కెట్లో దుకాణం ఉంది. నాకు మరిది వరస, వయసులో చిన్నవాడు.

నేను కొంగు సర్దుకుని లేచాను. "కొమ్మెందుకు? చెట్టే సూపిస్త."

"నిజమా వదినె? ఏడున్నది?"

"సూరత్ జిల్లల్నే ఉన్నది. జాగా రేపు చెప్త."

"జమ్మి అని ఎవలు చెప్పిండ్రు?"

"నేనే చెప్తున్న. అడాజన్ల చెట్ల చదువు చదువుకుంటున్న, ఎర్కలేదా?"

"ఎర్కే వదినె. మొన్న మా ఇంటికొచ్చి మా తులసి కోటను గూడ తడిమి పోయినవ్ గద. సరే, సూపియ్యి, నీ పుణ్యముంటది."

"పుణ్యం వద్దు. మొదటి ఆకు నా చేతులకెల్లి పోవాలె. అది నువ్వే తీసుకోవాలె."

గదిలో అందరూ పైకి చూసి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టారు. గంగారాం గొంతు సవరించుకున్నాడు. "వదినె, నువ్వు మంచిదానివే. గని ఆనవాయితీ అని ఒకటుంటది..."

"ఏంది ఆనవాయితీ? మీ అన్న పోయేటప్పుడు నా బొట్టు తీసుకపోయిండు, గాజులు తీసుకపోయిండు. జమ్మిచెట్టు తీసుకపోలె. తీసుకపోయిండని నీకు అనుమానముంటె నువ్వే పోయి ఆయన్ని అడుగు."

పోవడం గంగారాంకు ఇష్టం లేదు. దుకాణంలో దీపావళి సరుకు దిగుతోంది. "సరే వదినె," అన్నాడు.

మరునాడు పొద్దున టెంపోల్లో జోల్వా చేరాం. ముందు డప్పులు, వెనక కొబ్బరికాయల బుట్టలు, నడుమ నేను. నా పెళ్లి ఊరేగింపులో కూడా అంత నిక్కి నడవలేదు. అప్పుడు తల దించుకోమన్నారు, ఇప్పుడు చెప్పేవాడు లేడు.

చెట్టును చూసి మా పంతులు గారు కొంచెం తటపటాయించారు. "నర్సవ్వా, ప్రదక్షిణ చెయ్యాలె గద. ఒక దిక్కు కాలువ, ఇంకో దిక్కు ముళ్లు. ఎటు తిరగాలె?"

"ముళ్ల దిక్కు తిరుగుండ్రి. పాండవులు కత్తులు, విల్లులు దాచిపెట్టిన చెట్టాయె. ముల్లు లేకుంటె దొంగలు ఎక్కరా?"

ఈ జవాబుకు అందరూ తలలూపారు. ఒక్క రాములు తప్ప. రాములు, పోశెట్టి బావాబామ్మర్దులు. ఒక పెళ్లిలో మటన్‌లోని నల్లిబొక్క, అదే మూలుగ ఎముక, ఎవరి విస్తట్లో పడాలన్న దాని మీద తగాదా వచ్చి మాట్లాడుకోవడం మానేశారు. రాములు కొమ్మను అటూ ఇటూ చూసి అన్నాడు, "అత్తా, గిది సర్కార్ తుమ్మ లెక్క కొడుతున్నది."

"పువ్వు సూసినవా?"

"సూసిన."

"ఆకు తాకినవా?"

"తాకిన."

"నీకేమన్న తెలిసిందా?"

"తెల్వలే."

"మరి నోరు మూసుకో."

చదువుకున్నవాళ్లు చదువుకోనివాళ్ల నోరు ఇలాగే మూయిస్తారని నేను అడాజన్‌లో చూశాను. ఎంత హాయిగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

పంతులు గారు మంత్రం చదువుతూ బయల్దేరారు. మొదటి చుట్టులో ఉత్తరీయం చెట్టుకు దక్కింది. రెండో చుట్టులో మంత్రం నడుమ "అబ్బా" అన్న మాట చేరింది. అది కూడా సంస్కృతమే అనుకుని వెనకవాళ్లు అందుకున్నారు, "అబ్బా!" మూడో చుట్టులో పర్రుమని చప్పుడైంది. పంచె సగం చెట్టు దగ్గర, సగం పంతులు గారి దగ్గర. ఆయన రెండు చేతులతో ఉన్న సగాన్ని కాపాడుకుంటూ, "పూజ అయిపోయింది," అన్నారు.

నేను ఆకు తెంపాను. గంగారాం ముందుకొచ్చాడు. డప్పు జోరైంది. అతని చేతిలో ఆకు పెట్టాను. "బంగారం, గంగారాం." అతను ఆకు కళ్లకద్దుకుని, వంగి, నా రెండు కాళ్లూ ముట్టుకుని మొక్కాడు. వెనక నుంచి కోడళ్లు, కొడుకులు, పిల్లలు, వరసకట్టి వచ్చారు. ఎవరికీ ఫోన్ రాలేదు, ఎవరి చెప్పూ తెగలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ముల్లు గుచ్చుకుందని చెప్పాను. నిజంగా గుచ్చుకుంది కూడా.

పక్కన పోశెట్టి, రాములు ఆకు మార్చుకుని అలాయ్ బలాయ్ చేసుకున్నారు. "బావా!" "బామ్మర్దీ!" అదిగో, సరిగ్గా అప్పుడు ఆటో ఆగి మీనాబెన్ దిగింది. తల మీద టోపీ, మెళ్లో దుర్భిణి.

"నర్సాబెన్, యే పూజా కిస్‌కీ హై?"

"ఖీజడో కీ!" అన్నాను, చెట్టును నేనే కన్నట్టు.

మీనాబెన్ చెట్టును చూసింది. నన్ను చూసింది. కుంకుమ బొట్లను, కొబ్బరి చిప్పలను, కొమ్మకు వేలాడుతున్న పట్టుపంచె ముక్కను చూసింది. నన్ను పక్కకు లాగి గుసగుసగా చెప్పింది. కానీ ఆమె బతుకంతా పాఠాలు చెప్పిన మనిషి, ఆమె గుసగుస చివరి బెంచీ దాకా వినపడుతుంది.

"నర్సాబెన్, ఆ తో గాండో బావళ్ ఛే!"

డప్పు ఆగిపోయింది. అక్కడ గుజరాతీ రానివాళ్లు లేరు. గాండో బావళ్ అంటే పిచ్చితుమ్మ. మన సర్కార్ తుమ్మే, ఇక్కడి పేరుతో.

పాపం, మీనాబెన్ నాకు ఓపికగా చూపించింది. జమ్మికి ముళ్లు చిన్నవి, కొమ్మ పొడుగునా ఎక్కడంటే అక్కడ ఉంటాయి. దీనికి ఆకు మొలిచే చోటే జంటగా, పొడుగ్గా ఉంటాయి. "ఆ రోజు తోటలో చెప్పాను కదా, ముల్లు ఎక్కడ మొలుస్తుందో చూడమని?" అంది. చెప్పే ఉంటుంది. ముల్లు దగ్గరికి వచ్చేసరికి నేను అంటుకుపోయిన థేప్లాలు విడదీస్తున్నాను.

ఇక్కడ నా సిగ్గు రెండు రకాలు. సూరత్‌లో ఇన్నేళ్లు బతికాను. ఏ పెద్ద మిల్లు డిజైను అయినా వారం తిరిగేసరికి పక్క గల్లీలో నకలు కొట్టే ఊరిది. అసలు చీరేదో, ఫస్ట్ కాపీ ఏదో చీకట్లో చెప్పే ఈ వేళ్లు, చెట్టు ఫస్ట్ కాపీని పట్టుకోలేకపోయాయి. రెండోది ఇంకా ఘోరం. చిన్నప్పుడు సర్కార్ తుమ్మ కంప కొట్టి మోపులు మోసినదాన్ని నేను. చెట్ల చదువు జోలికి పోకముందైతే ఆమడ దూరం నుంచే గుర్తుపట్టేదాన్ని.

అందరూ తమ గుప్పెట్లు విప్పి చూసుకున్నారు.

"అంటె, బంగారం నకిలీదా?" అన్నాడు పోశెట్టి.

"ఆకు నకిలీదైతే అలాయ్ బలాయ్ గూడ నకిలీదే," అని రాములు చేతులు దులుపుకున్నాడు. "నల్లిబొక్క లెక్క ఇంక తెగలే బావా!"

"నీ బొక్కలిరగ, నేనెప్పుడు తెగిందన్న?"

"నా పంచె మాత్రం అసలుదే!" అన్నారు పంతులు గారు, దీనంగా.

సుజాత కొబ్బరికాయల బుట్ట వెనక్కి వెళ్లి కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. ఇప్పుడు రాస్తున్న చెయ్యి కూడా ఊగుతోంది చూడండి.

గంగారాం నా ముందుకొచ్చాడు. మొహం కందగడ్డ. "వదినె, నేను నీ కాళ్లు మొక్కిన."

"మొక్కినవ్. మంచిగ మొక్కినవ్."

"జమ్మి అనుకొని మొక్కిన. అది లెక్కల రాదు. నా దండం నాకు వాపస్ కావాలె."

"దండం వాపస్ ఎట్ల ఇస్తరు గంగారాం? నేను నీ కాళ్లు మొక్కాల్నా? పట్టు మరి." అని వంగాను.

పెద్దది కాళ్లు మొక్కితే ఆయుష్షు తగ్గుతుందని మా వాళ్లకు హడలు. "వద్దు వదినె, వద్దు!" అంటూ గంగారాం వెనక్కి గెంతాడు. వెనక ఏముందో ముందే చెప్పాను. బుడుంగుమంది. అద్దకం మిల్లు నీళ్లేమో, నడుం దాకా గులాబీ రంగులో తేలాడు.

నేను చెయ్యి అందించాను. పట్టుకున్నాడు. పైకి లాగకుండా కాసేపు అలాగే ఉంచి అడిగాను.

"గంగారాం, నీ దుకాణంల గోడ మీద ఏం రాసి పెట్టినవ్? నాకు చదువు రాదు, నువ్వే చదువు."

పళ్లు కొరికాడు. "అమ్మిన మాల్ వాపస్ తీసుకోబడదు."

"ఇంకేమున్నది?"

"మార్పిడి మాత్రమే."

"మరి మార్పిడి చేస్కో. వచ్చే దసరాకు ఇంకోసారి మొక్కు. అప్పటిదాంక ఇది నా దగ్గర్నే ఉంటది."

పైకి లాగాను. జనం నవ్వారు. గంగారాం మాత్రం గులాబీ రంగులో ఇంటికి పోయాడు.

ఆ ఏడు పిల్లలు నన్ను గాండో బావళ్ అవ్వ అన్నారు. అననివ్వండి, పేరు పెట్టి పిలిచేంత గుర్తింపు నాకు అంతకు ముందు లేదు. మరుసటి దసరాకు ఊరి కొమ్మ క్షేమంగా వచ్చింది. పూజ గంగారామే చేయించాడు, మొదటి ఆకు తనే తెంపాడు. నేను తలుపు దగ్గరికి వేసుకుని, నా ఆకు గుప్పెట్లో పట్టుకుని కూర్చున్నాను. తలుపు కొట్టిన చప్పుడైంది. తీస్తే గంగారాం. వెనక గల్లీ మొత్తం ఉంది.

"వదినె, ఆకు ఇయ్యి."

"ఏ చెట్టుదని అడగవా?"

"అడగ." చేతులు జోడించాడు. "అడిగితె నువ్వు చెప్తవ్."

కాబట్టి చదివేవాళ్లారా, కట్టుకున్న చీర మీద, కోడలి రాత మీద ఒట్టేసి చెబుతున్నాను. ఆదివారాలు మీనాబెన్ వెంట ఇప్పటికీ పోతాను. ఫ్లాస్కు మోస్తాను, ఆకులు తడుముతాను, ముల్లు ఎక్కడ మొలిచిందో రెండుసార్లు చూస్తాను. కానీ ఈ జన్మలో ఏ చెట్టుకూ పేరు చెప్పను. ఎవరైనా ఇదేం చెట్టని మరీ వేధిస్తే, "పచ్చని చెట్టు," అంటాను. ఆకు రాలే కాలమైతే ఆ మాట కూడా అనను.